ముప్పయ్యో అంతస్తు కింద నేల ఎవరిది

తెలుగువాళ్ల గృహధర్మంలో ఇంటి కంటే స్థలం ముందు వస్తుంది. భూమిపూజ స్థలానికి, శంకుస్థాపన స్థలానికి, వాస్తు చూసేదీ మొదట స్థలానికే. గోడలు ఆ తర్వాతి సంగతి. హైదరాబాద్‌కు తూర్పున ఉప్పల్, నాచారం ప్రాంతాల్లో లేస్తున్న ఎత్తయిన నివాస టవర్లు ఈ వరసను తలకిందులు చేశాయి. ముప్పయ్యో అంతస్తులో ఇల్లు కొన్న కుటుంబానికి దస్తావేజులో నేల కూడా వస్తుంది, ఏ నలభై గజాలో, యాభై గజాలో. కానీ ఆ గజాలు ఎక్కడున్నాయో చూపించమంటే బిల్డరూ చూపించలేడు, సబ్‌రిజిస్ట్రారూ చూపించలేడు. కాగితాల్లో దాని పేరు అవిభక్త వాటా, వాడుకలో యూడీఎస్. చూపించలేని నేల మీద హక్కు అంటే ఏమిటి, ఆ నేలకు చేసిన పూజ ఏ ఇంటికి చెందుతుంది, నూరు మీటర్ల ఎత్తున దిక్కుల నియమం ఎవరికి వర్తిస్తుంది అన్నవి ఇంజనీర్లు తేల్చే ప్రశ్నలు కావు.

ఈ ప్రాంతపు భూమి చరిత్రే ఆ ప్రశ్నకు ఉపోద్ఘాతం లాంటిది. ఉప్పల్ వైపు మూసీ ఒడ్డున నది నీటితో పారా గడ్డి పెంచి పాడి పశువులకు అమ్మేవాళ్లు. ఉప్పల్ భగాయత్ భూములను నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ రైతుల నుంచి తీసుకుని లేఔట్ వేసింది, రైతులకు అభివృద్ధి చేసిన ప్లాట్లు ఇచ్చి మిగిలిన వాటిని 2019 నుంచి వేలంలో అమ్మింది. 2017 నవంబరులో నాగోలు దాకా మెట్రో వచ్చింది. నాచారం కథ వేరు. అది పారిశ్రామికవాడ. ఎన్టీ రామారావు రామకృష్ణ స్టూడియో కట్టింది కూడా అక్కడే. 2025 నవంబరులో ప్రభుత్వం హిల్ట్ పేరుతో తెచ్చిన విధానం అవుటర్ రింగ్ రోడ్డు లోపలి పాత పారిశ్రామిక భూముల్లో రుసుము కట్టి ఇళ్లు, ఆఫీసులు కట్టుకోవడానికి దారి తెరిచింది. దాని మీద రాజకీయంగా పెద్ద రగడే జరిగింది.

ఇందులో గమనించాల్సింది ధరలు కాదు, భూమితో మనిషికున్న సంబంధం మూడు మెట్లలో పలచబడిన తీరు. రైతు తన మడిని గట్టు పట్టి చూపిస్తాడు. లేఔట్‌లో తిరిగొచ్చిన ప్లాటు అదే మట్టి కాదు, అదే చోటూ కాదు, ఒక నంబరు. ఆ ప్లాటును డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ కింద బిల్డరుకిచ్చి, బదులుగా కొన్ని ఫ్లాట్లు తీసుకుంటే, చేతిలో మిగిలేది ఒక భిన్నం. గట్టు నంబరైంది, నంబరు భిన్నమైంది. మొదటి మెట్టు మీద పుట్టిన ఆచారాలను మూడో మెట్టు మీద నిలబడి పాటించాల్సి రావడం వల్లే ఇక్కడి ధర్మసందేహాలన్నీ పుట్టాయి.

ఎత్తుకు చట్టం ఇచ్చిన స్వేచ్ఛ ఆ భిన్నాన్ని మరింత చిన్నది చేసింది. 2006లో వచ్చిన నిబంధనలు హైదరాబాద్‌లో స్థలవైశాల్యానికీ కట్టడానికీ మధ్య ఉండే నిష్పత్తి పరిమితిని ఎత్తేశాయి. 2012 నాటి 168 జీవో ప్రకారం 18 మీటర్ల ఎత్తుకు చేరితే హైరైజ్. దానికి కనీసం 2,000 చదరపు మీటర్ల స్థలం కావాలి, ఎత్తు పెరిగేకొద్దీ ముందున్న రోడ్డు వెడల్పూ, చుట్టూ వదలాల్సిన ఖాళీ స్థలమూ పెరగాలి. ఈ షరతులు తీరితే ఎన్ని అంతస్తులైనా వేయవచ్చు. పాత శిల్పశాస్త్రాలకూ బహుళ అంతస్తులు తెలుసు. మయమతం, మానసారం ఒకటి నుంచి పన్నెండు అంతస్తుల దాకా లెక్క చెబుతాయి. కాకపోతే ఎవరికి ఎన్ని తగునో వర్ణాన్నీ హోదానూ బట్టి నిర్ణయిస్తాయి, అంత ఎత్తు కట్టడం మొత్తానికీ యజమాని ఒక్కడే అనుకుంటాయి. నాలుగు వందల కుటుంబాలు ఒకే స్థలానికి యజమానులయ్యే పరిస్థితి ఆ గ్రంథాల ఊహలో లేదు.

స్థలపరీక్ష దగ్గరే మొదటి పేచీ వస్తుంది. శాస్త్రం చెప్పిన పరీక్ష సులువైనది: మూరెడు గొయ్యి తవ్వి, ఆ మట్టితోనే పూడ్చాలి. మట్టి మిగిలితే ఉత్తమం, సరిపోతే మధ్యమం, చాలకపోతే ఆ స్థలం వదిలేయాలి. గోతిలో నీళ్లు పోసి ఎంత ఇంకాయో చూడటం మరో పద్ధతి. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో వాస్తువిద్యకు ఒక అధ్యాయమే కేటాయించాడు. మట్టి రంగు, వాసన, రుచి కూడా పరీక్షలో భాగమే. ఉప్పల్ ప్రాంతంలో ఆ మట్టి పొర కింద ఉన్నది సుమారు 250 కోట్ల సంవత్సరాల వయసున్న గ్రానైట్. దేశపు భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ 1961లో ఈ నగరంలోనే ఏర్పడింది, ఇప్పుడు ఉప్పల్ రోడ్డు మీదే ఉంది. టవర్ కట్టేవాళ్లు బోరు దింపి రాతి నమూనాలు తీస్తారు, చదరపు మీటరుకు ఎన్ని టన్నుల బరువు ఆపుతుందో లెక్కిస్తారు. రెండు పరీక్షలూ అడిగేది ఒకటే, ఈ నేల మోస్తుందా అని.

ఆ తర్వాత జరిగేదాన్ని మాత్రం పురోహితులెవరూ పెద్దగా ప్రస్తావించరు. ఈశాన్యంలో చిన్న గుంట తీసి, నవధాన్యాలూ నవరత్నాలూ వేసి, అక్కడ నివసించే భూతాలకు బలి ఇచ్చి, తప్పుకోమని వేడుకుని, భూమిపూజ పూర్తి చేస్తారు. రెండు వారాల్లో ప్రొక్లెయినర్లు దిగుతాయి. మూడు నాలుగు సెల్లార్ల లోతుకు మట్టి తవ్వి, రాయి పగలగొట్టి టిప్పర్లలో తరలిస్తారు. పూజ అందుకున్న మట్టి నవధాన్యాలతో సహా నగరం అంచున ఏ గుంటలోనో పడుతుంది. టవర్ నిలబడేది పూజ ఎరగని రాతి మీద. ఆచారాన్ని వెక్కిరించడానికి చెప్పే మాట కాదిది. పూజ మట్టికా, ఆ చోటుకా అన్న తేడా ఇక్కడ బయటపడుతుంది. మట్టికే అయితే పూజ టిప్పరెక్కి వెళ్లిపోయింది. చోటుకే అయితే, చోటు అంటే అక్షాంశ రేఖాంశాలేనా, వాటి మీద ఎంత ఎత్తు దాకా అన్న ప్రశ్న మిగులుతుంది. సైట్‌లో పనిచేసేవాళ్లు ఈ చిక్కులో పడరు. గేటు పక్కన మైసమ్మకు రాయి నిలబెట్టి, పసుపు పూసి, పునాది రోజున కోడిని కోస్తారు. బీహార్, ఒడిశా నుంచి వచ్చిన కూలీలు సెప్టెంబరు 17న క్రేన్‌కే బొట్టు పెట్టి విశ్వకర్మ పూజ చేసుకుంటారు.

ఇక దిక్కులు. మత్స్యపురాణ కథ ప్రకారం అంధకాసురుడితో యుద్ధంలో శివుడి చెమట నుంచి పుట్టిన భూతాన్ని దేవతలు బోర్లా పడగొట్టి అణచిపట్టారు. ఆ వాస్తుపురుషుడి తల ఈశాన్యంలో, పాదాలు నైరుతిలో. 81 గళ్ల మండలంలో 45 మంది దేవతలు అతణ్ణి అదిమి ఉంటారు, నడుమ బ్రహ్మస్థానం. అక్కడ స్తంభం నిలపకూడదు, బరువు పెట్టకూడదు, గొయ్యి తవ్వకూడదు. టవర్ నక్షా తీసి చూస్తే సరిగ్గా అక్కడే కోర్ ఉంటుంది: లిఫ్టులు, మెట్లు, నీళ్ల పైపులు, కరెంటు తీగలు, వాటి చుట్టూ మందపాటి కాంక్రీటు గోడలు, అడుగున లిఫ్టు గొయ్యి. గాలి తాకిడికి టవర్ ఊగకుండా పట్టి ఉంచే వెన్నెముక అది. శాస్త్రం ఖాళీగా ఉంచమన్న చోటే భవనం తన బరువంతా దాచుకుంది. అయినా బ్రోషరులో మాత్రం నూటికి నూరు శాతం వాస్తు అని ఉంటుంది. ఆ మాట ఒక్కో ఫ్లాటుకు విడివిడిగా వర్తించేది. వంట ఆగ్నేయంలో, పెద్ద పడకగది నైరుతిలో, పూజ ఈశాన్యంలో. ప్రతి ఫ్లాటులోనూ ఒక్కో చిన్న వాస్తుపురుషుడు పడుకుని ఉన్నట్టు లెక్క.

అలా పడుకోబెట్టడం జ్యామితికే సాధ్యం కాదు. ఉత్తర దక్షిణాలుగా సాగే నడవాకు రెండు వైపులా ఇళ్లుంటే, నడవాకు పడమటనున్న వాటి గుమ్మాలు తూర్పును చూస్తాయి, తూర్పుననున్నవి పడమర చూస్తాయి. ఒకరి తూర్పు గుమ్మానికి ఎదురింటి పడమర గుమ్మమే ఆధారం. మార్కెట్ దీనికి తూర్పు ముఖానికి ఎక్కువ ధర అనే పరిష్కారం కనిపెట్టింది. దోషం తీరలేదు, పక్కింటివారికి తక్కువ ధరకు అమ్ముడుపోయింది. ఒకరి శుభం పక్కవారి అశుభం మీద నిలబడే నియమాన్ని ధర్మం అనడం కష్టం. వాస్తు పుస్తకాల పరిధిలోనే నిలబడి చూసినా, స్థలం ఒకటే గనక మండలమూ ఒకటే, వాస్తుపురుషుడూ ఒక్కడే. టవర్‌లో ఏ ఇంటికీ సొంత ఈశాన్యం లేదు.

గృహప్రవేశాలు చేసుకునేవాళ్లు ఈ సంగతిని వాదన లేకుండానే గ్రహించినట్టుంది. ఆవునూ దూడనూ సర్వీసు లిఫ్టులో ఎక్కించే సాహసం చేసేవాళ్లు కొందరున్నా, చాలామంది కింద లాబీలోనే పూజించి పంపిస్తారు. వాస్తుహోమానికి మెయింటెనెన్స్ వాళ్లకు ముందుగా చెప్పాలి. పొగను పసిగట్టే పరికరం మోగితే టవర్ అంతా కిందికి దిగాలి. పైకప్పులోని స్ప్రింక్లర్‌కున్న ఎర్ర గాజు గొట్టం 68 డిగ్రీలకు పగులుతుంది, దాని కింద అగ్నిహోత్రం పెడితే అగ్నికీ వరుణుడికీ ఒకేసారి ఆవాహన జరుగుతుంది. అందుకే కుండం చిన్నదైంది, బాల్కనీకి జరిగింది. సూర్యుడికి వదిలే అర్ఘ్యం కింది బాల్కనీలో ఆరేసిన బట్టల మీద పడకుండా పళ్లెంలోకి వదులుతారు. ఇన్ని తగ్గినా తగ్గనివి రెండున్నాయి: గడపకు పసుపు రాయడం, పాలు పొంగించడం. రెంటికీ నేల అక్కర్లేదు. ఎత్తు పెరిగేకొద్దీ గృహధర్మం భూమి నుంచి గడపకూ పొయ్యికీ చేరింది.

ఇల్లు గడపతోనే మొదలవుతుందంటే, దస్తావేజులోని నేల ఏమిటి? దీనికి జవాబు వాస్తు గ్రంథాల్లో లేదు, యాగవిధులను విచారించే మీమాంసలో ఉంది. విశ్వజిత్ యాగం చేసేవాడు తనదైనదంతా దానం చేయాలి. మరి రాజు భూమిని దానం చేయవచ్చా? జైమిని మీమాంసా సూత్రాల ఆరో అధ్యాయంలో కుదరదని తేల్చాడు, భూమి అందరికీ సమానం గనక. ఆ సూత్రాలకు భాష్యం రాసిన శబరుడి వివరణలో రాజుకున్నది రక్షించినందుకు పంటలో వచ్చే భాగమే, భూమి మీద అతనికి మిగిలినవారికి లేని హక్కేదీ లేదు. పద్నాలుగో శతాబ్దంలో మాధవుడు జైమినీయ న్యాయమాలలో ఇదే మాటను మరింత తేటపరిచాడు: కర్మఫలం అనుభవించే ప్రాణులందరికీ భూమి ఉమ్మడి సొత్తు. పొలం అమ్ముకోవచ్చు, కొనుక్కోవచ్చు. పృథివి మాత్రం ఎవరి సొత్తూ కాదు. ఇతర మతాలకూ ఈ ఆలోచన కొత్త కాదు. లేవీయకాండం 25వ అధ్యాయంలో భూమి దేవుడిది గనక శాశ్వతంగా అమ్మకూడదన్న ఆజ్ఞ ఉంది. ఇస్లాంలో అంతిమ యజమాని అల్లా, మనిషి ధర్మకర్త.

పొలం మీద స్వామ్యం మాటేమిటి? అది శాస్త్రం చెబితే పుట్టేదా, లోకవ్యవహారం వల్ల పుట్టేదా అన్నది ధర్మశాస్త్రకారుల మధ్య పెద్ద వివాదం. కల్యాణి చాళుక్యుల కాలంలో మితాక్షర రాసిన విజ్ఞానేశ్వరుడు లౌకికమే అన్నాడు. శాస్త్రం పేరెరగని సరిహద్దు జనాలూ కొంటారు, అమ్ముతారు, కాబట్టి స్వామ్యం లోకం ఏర్పరచుకున్నదే అన్నది ఆయన వాదాల్లో ఒకటి. ఆ మితాక్షరను పదమూడో శతాబ్దంలోనే మూలఘటిక కేతన విజ్ఞానేశ్వరీయంగా తెలుగు చేశాడు. ఉమ్మడి ఆస్తి విషయంలో మితాక్షర పద్ధతి ఇది: పంపకం జరిగేదాకా ఏ దాయాదికీ ఇంత భాగం అని లేదు, మొత్తం మీద అందరికీ హక్కు. బెంగాల్‌లో జీమూతవాహనుడి దాయభాగం వేరే దారి పట్టింది. పంచుకోకపోయినా ఎవరి భాగం ఎంతో తేలే ఉంటుంది, ఎక్కడుందో మాత్రం తేలదు.

టవర్‌లోని నలభై గజాలు ఈ రెండో రకానికి దగ్గర. ఎంతో తెలుసు, ఎక్కడో తెలియదు. ఒక తేడా మాత్రం పెద్దది. దాయాది ఎప్పుడైనా పంపకం అడగవచ్చు. 1987 నాటి ఆంధ్రప్రదేశ్ అపార్ట్‌మెంట్ల చట్టం, 2016 నాటి రెరా చట్టం వేసిన దారిలో ఉమ్మడి భాగాల మీది వాటా ఫ్లాటును అంటిపెట్టుకునే ఉంటుంది, దాన్ని విడదీసి పంచుకోవడం కుదరదు. ఫ్లాటు యజమానులు పంపకం లేని దాయాదులు. మూడు పురుషాంతరాల ఉమ్మడి కుటుంబంలోనూ ఇంత గట్టి ముడి లేదు.

అద్వైతులు ఇక్కడ ఘటాకాశాన్ని గుర్తు చేస్తారు. గౌడపాదుడు మాండూక్య కారికల మూడో ప్రకరణంలో కుండలోని ఆకాశాన్ని చూపించి, కుండ పగిలితే అది మహాకాశంలో లీనమవుతుంది, నిజానికి ముందునుంచీ వేరు కాదు అన్నాడు. ఫ్లాటు అచ్చంగా అదే: గోడలు చుట్టిన కొంత ఆకాశం. గోడలు పోతే ముప్పయ్యో అంతస్తు అనేదే ఉండదు. అయితే చట్టం దీన్ని తలకిందులుగా చదువుతుంది. కుండ పగిలాక మిగిలేది ఆకాశం కాదు, అడుగున భిన్నంగా ఉన్న మట్టి. ఆ మట్టి భరోసా చూపించే మోసాలు కూడా జరిగాయి. ప్రీలాంచ్ పేరుతో, అనుమతి రాకముందే, రెరా నమోదు లేకుండానే, కేవలం యూడీఎస్ రిజిస్టరు చేసి డబ్బు కట్టించుకునే పద్ధతి హైదరాబాద్‌లో ఎంతోమందిని ముంచింది. కుండ చేయకముందే అందులోని ఆకాశాన్ని అమ్మడమది. కొన్నవాళ్లలో చాలామంది ముహూర్తం చూసుకునే సంతకం పెట్టి ఉంటారు.

చావు దగ్గర ఈ చర్చ పుస్తకాలు దాటి లిఫ్టు గుమ్మం ముందుకు వస్తుంది. మైల రెండు రకాలు. ఒకటి రక్తసంబంధం వల్ల వచ్చేది. పదో రోజు దాకా సపిండులు ఎక్కడున్నా దాన్ని పాటిస్తారు, గోడలతో పని లేదు. రెండోది చోటును బట్టి వచ్చేది. శవం లేచేదాకా ఊళ్లో గుడి తలుపు తీయరు, ఇరుగుపొరుగు పొయ్యి వెలిగించరు. మరి ఒకే కప్పు కింద నాలుగు వందల పొయ్యిలున్న చోట ఇరుగుపొరుగు అంటే ఎవరు? అదే అంతస్తా, అదే టవరా, గేటు లోపలంతానా? క్లబ్‌హౌస్ పక్కనున్న వినాయకుడి గుడి మూయాలా? సాధారణంగా కనిపించే సర్దుబాటు ఇలా ఉంటుంది: స్ట్రెచర్ పట్టే సర్వీసు లిఫ్టులో కిందికి దించుతారు, సెల్లార్‌లో ఫ్రీజర్ బాక్సు పెడతారు, స్నానం అక్కడే చేయిస్తారు, పాడె పార్కింగ్ గీతల మధ్య కడతారు, పైన ఇంటివాళ్లు తప్ప ఎవరి పొయ్యీ ఆగదు. అద్దె ఇంటివారి బాధ ఇంకా ఎక్కువ. శవాన్ని గడప దాటించనివ్వని ఇంటి ఓనర్లు ఈ నగరంలో కొత్త కాదు. ధనిష్ఠ మొదలు రేవతి దాకా అయిదు నక్షత్రాల్లో ఎవరైనా పోతే ఇంటిని నెలల తరబడి పాడుపెట్టాలన్న ఆచారం మరో చిక్కు. ఆ దోషం చోటుకే అయితే అదే నేల మీదున్న టవరంతా ఖాళీ కావాలి. ఎవరూ అంత దూరం పోరు, ఫ్లాటు ఒక్కదానికి తాళం వేస్తారు. బతికున్నప్పుడు ఒక్కో ఫ్లాటుకు ఒక్కో వాస్తు అన్న లెక్కే ఇక్కడా పనిచేస్తోంది. కాకపోతే ఇక్కడ అది దయగా పనిచేస్తోంది, కష్టం నూరు ఇళ్లకు కాక ఒక ఇంటికే తగులుతోంది.

తెలంగాణ పల్లె మతంలో దీనికి వేరే నమూనా ఉంది. ఊరికి బొడ్రాయి ఒకటే, నడుమ పాతుకుని ఉంటుంది. పొలిమేర ఒకటే, దాన్ని కాసే అమ్మవారు ఒకరే. ఏ ఇంటి గుమ్మం ఎటు చూసినా బొడ్రాయి శాంతి ఊరందరికీ. టవర్‌కు సరిపోయేది ఇంటింటి వాస్తు కంటే ఊరి బొడ్రాయి లెక్కే అనిపిస్తుంది. నడుమ గట్టిగా పాతుకున్న ఆ కాంక్రీటు కోర్‌ను బ్రహ్మస్థాన దోషంగా చూడటమా, బొడ్రాయిగా చూడటమా అన్నది నివాసుల చేతిలో ఉంది.

భవనం పాతబడినప్పుడు ప్రశ్న మళ్లీ మొదటికి వస్తుంది. 1980లలో, 90లలో నగరంలో కట్టిన అయిదంతస్తుల అపార్ట్‌మెంట్లు కూల్చి ఎత్తుగా కట్టే బేరాలకు వస్తున్నాయి. అప్పుడు చేతికొచ్చే ఇల్లు పాతదాని కంటే పెద్దదే కావచ్చు. అదే నేలను ఎక్కువ మందికి పంచాలి గనక నేల వాటా మాత్రం చిన్నదవుతుంది. రెండోసారి భూమిపూజకు పీటల మీద కూర్చునే యజమాని దంపతులు ఎవరన్నదీ తేలాలి. మొదటిసారి బిల్డరో భూమి యజమానో కూర్చున్నారు. ఈసారి భూమి అరవై కుటుంబాలది. అసోసియేషన్ అధ్యక్షుడి గోత్రం ఒక్కటి చెబితే సరిపోతుందా? మీమాంసలో దీనికి దగ్గరి సంగతి సత్రయాగం. అందులో పదిహేడు మందికి తక్కువ కాకుండా యజమానులు కలిసి కూర్చుంటారు, వాళ్లే ఋత్విక్కులు, దక్షిణ ఉండదు. ఫలాన్ని తలా ఇంత అని పంచరు, ప్రతి ఒక్కరికీ మొత్తం ఫలం వస్తుందని జైమిని నిర్ణయం. అయితే వేర్వేరు కల్పాలు పాటించేవాళ్లు ఒకే సత్రంలో కూర్చోకూడదు, కూర్చునేవారి సంఖ్య ఇరవై నాలుగు దాటకూడదు.